నీరసం వెనక ఉప్పు లెక్క

డాక్టరు దగ్గర జనం చెప్పుకునే బాధల్లో నీరసం అంత మామూలుదీ, వినేవాళ్ళు అంత తేలిగ్గా తీసుకునేదీ మరొకటి లేదు. "ఒంట్లో ఓపిక లేదు", "కాళ్ళు లాగేస్తున్నాయి", "పొద్దున లేచేసరికే ఒళ్ళు బరువు" అన్న మనిషికి సలహాలు మాత్రం వెంటనే దొరుకుతాయి. ఒకరు కొబ్బరి బోండాం కొట్టించుకోమంటారు. ఒకరు ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిస్తారు. మరొకరు ఆర్ఎంపీ దగ్గరికెళ్ళి ఒక సెలైన్ బాటిల్ ఎక్కించుకు రమ్మంటారు.

ఈ మూడూ ఒంట్లోకి లవణాలు పంపేవే. అయితే ఏ లవణం తగ్గింది, ఎందుకు తగ్గింది, అసలు తగ్గిందా లేదా అన్నది చూడకుండా ఇస్తే, ఒకరిని నిలబెట్టినదే ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మన ఒంట్లో చాలా ఇరుకైన హద్దుల మధ్య నడుస్తాయి. ఆ హద్దులు దాటితే మొదట కనిపించేది చాలాసార్లు నీరసమే. అందుకే దాన్ని నమ్మాలి, లెక్క చూడాలి, ఆ తర్వాతే మందు వెయ్యాలి.

ఉప్పు మానేస్తే ఏమవుతుంది?

1930లలో లండన్ కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో రాబర్ట్ మెకాన్స్ అనే వైద్యుడు ఈ ప్రశ్నకు జవాబును తన ఒంటిమీదే వెతికాడు. తనూ, తనతో పాటు ముందుకొచ్చిన కొందరు ఆరోగ్యవంతులూ ఉప్పు లేని తిండి తిన్నారు. రోజూ వేడిగాలి కింద పడుకుని ఒళ్ళంతా చెమట పట్టించుకున్నారు. నీళ్ళు కావలసినన్ని తాగారు, ఉప్పు మాత్రం ముట్టలేదు.

కొద్ది రోజులకే నోటికి రుచి పోయింది. ఆకలి చచ్చిపోయింది. పిక్కలూ వేళ్ళూ ఉన్నట్టుండి పట్టేసేవి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆఖరికి రొట్టె ముక్క నమలడానికి కూడా దవడలు అలిసిపోయేవి. వీళ్ళకు జ్వరం లేదు, గుండెజబ్బు లేదు, రక్తహీనత లేదు. కొరవడింది ఒక్క ఉప్పే. అది తిరిగి తిన్నాక తేరుకున్నారు. 1936లో మెకాన్స్ ఈ సంగతులు వైద్యలోకం ముందు పెట్టాడు. 'ఏమీ లేదు, ఊరికే నీరసం' అని మనం కొట్టిపారేసే స్థితి వెనక కొలవదగ్గ కారణం ఉండవచ్చని ఆ ప్రయోగం చూపించింది.

కణం లోపల, కణం బయట

రక్తంలో లీటరుకు సోడియం 135 నుంచి 145 యూనిట్లు, పొటాషియం 3.5 నుంచి 5 యూనిట్లు ఉండాలి. ల్యాబ్ రిపోర్టులో ఈ యూనిట్లను 'మిల్లీ ఈక్వివలెంట్లు' అంటారు. కణం లోపలికి వెళితే లెక్క తిరగబడుతుంది. అక్కడ పొటాషియం 140 దాకా ఉంటే సోడియం పది పదిహేను మించదు. ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 పాళ్ళు కణాల లోపలే ఉంటుంది. రక్తపరీక్షలో మనం చూసేది మిగిలిన రెండు పాళ్ళలో ఒక భాగాన్ని.

ఈ తేడా దానంతటది నిలవదు. సోడియం ఎప్పుడూ లోపలికి కారుతూనే ఉంటుంది, పొటాషియం బయటికి జారుతూనే ఉంటుంది. చిల్లుపడ్డ పడవలో కూర్చున్న మనిషి తెడ్డు వేస్తూనే మరో చేత్తో నీళ్ళు తోడిపోస్తున్నట్టు, ప్రతి కణం గోడలోనూ ఒక పంపు రాత్రీపగలూ పనిచేస్తుంది. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటుంది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో జెన్స్ క్రిస్టియన్ స్కౌ పీతల నరాల మీద పరిశోధన చేసి 1957లో దీన్ని బయటపెట్టాడు. దానికి 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

మనం కదలకుండా పడుకున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ పంపుకే పోతుంది. ఆ శక్తిని అందించే ఏటీపీ అణువు మెగ్నీషియం తోడు లేకుండా పని చెయ్యదు. నరం నుంచి కబురు అందాక కండరం బిగుసుకోవాలంటే కాల్షియం కావాలి. అంటే చెయ్యి ఎత్తడమనే చిన్న పనిలో నాలుగు లవణాలూ భాగస్వాములే. పొటాషియం బాగా తగ్గితే నరం చెప్పినా కండరం కదలదు. సోడియం తగ్గితే నీరు కణాల్లోకి చేరి మెదడు కణాలు ఉబ్బుతాయి. తల దిమ్ముగా ఉండటం, నడకలో తూలు, మాట్లాడుతూ మాట మర్చిపోవడం అందువల్లే.

ఈ జమాఖర్చులన్నీ చూసేవి మూత్రపిండాలు. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో ఉండే ఉప్పు దాదాపు కిలోన్నర. అందులో నూటికి 99 పాళ్ళకు పైగా తిరిగి రక్తంలోకి లాగేసుకుని, మనం తిన్నదానికి సరిపడా కొద్ది గ్రాములే బయటికి వదులుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరోజు ఆవకాయ ఎక్కువ తిన్నా, ఒకరోజు ఉపవాసం ఉన్నా లెక్క తప్పదు. తప్పిందంటే మూత్రపిండాన్నో, దానికి ఆజ్ఞలిచ్చే హార్మోన్లనో ఏదో అడ్డుకుంటోందని అర్థం. చాలా ఇళ్ళలో ఆ అడ్డు మందుల డబ్బాలోనే ఉంటుంది.

మాత్ర పేరు చివర ఉండే అక్షరాలు

డాక్టర్లు తరచూ చూసే కేసు ఇది. డెబ్భై దాటిన పెద్దావిడ. ఏళ్ళ తరబడి బీపీ. ఎండాకాలానికి కాస్త ముందు మాత్ర మార్చారు. నెల తిరక్కుండా ఆవిడ వంటింట్లో గోడ పట్టుకుని నడవడం మొదలెట్టింది. అన్నం సయించడం లేదు, రెండు ముద్దలు మజ్జిగన్నం తిని లేస్తోంది. మధ్యాహ్నమంతా మగతగా పడుకుంటోంది. "అత్తయ్యకి వయసు మీద పడింది, అందుకే అనుకున్నామండీ" అంటుంది కోడలు. ఒకరోజు బాత్‌రూమ్‌లో పడితే ఆస్పత్రికి తీసుకొస్తారు. పరీక్ష చేస్తే సోడియం 124.

ఆ మాత్రల షీటు తిరగేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. మన దగ్గర చాలా బ్రాండ్లలో బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అని ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్, 'సీటీ' అని ఉంటే క్లోర్‌థాలిడోన్ కలిసి ఉన్నట్టు. రెండూ మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపి బీపీ తగ్గించే మందులే. మంచి మందులు, లక్షలమందికి పక్షవాతం రాకుండా కాపాడుతున్నవి. అయితే వయసు పైబడి, తిండి తగ్గి, నీళ్ళు మాత్రం బాగా తాగే కొందరిలో ఇవి సోడియాన్నీ పొటాషియాన్నీ దించేస్తాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు సోడియాన్ని తగ్గించగలవు. ఏళ్ళ తరబడి పరగడుపునే వేసుకునే 'గ్యాస్ మాత్ర' కొందరిలో మెగ్నీషియాన్ని తగ్గిస్తుంది. మెగ్నీషియం తగ్గి ఉన్నంతకాలం పొటాషియం ఎంత పోసినా నిలవదు. దగ్గుకని నెలల పాటు చప్పరించే అతిమధురం కూడా పొటాషియాన్ని పోగొట్టి బీపీ పెంచుతుంది.

సోడియం మెల్లగా తగ్గినప్పుడు మనిషి మంచాన పడడు. తిరుగుతూనే ఉంటాడు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 2006లో బెల్జియం వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ఇలా సోడియం తగ్గినవాళ్ళను, అదే వయసులో సోడియం సరిగ్గా ఉన్నవాళ్ళతో పోల్చారు. కిందపడి ఆస్పత్రికి వచ్చినవాళ్ళు మొదటి వర్గంలో నూటికి 21 మంది, రెండో వర్గంలో ఐదుగురు. 'వయసు మీద పడింది' అన్న మాట ఎన్ని తుంటి ఎముకలు విరగ్గొడుతోందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంకో హెచ్చరిక. పడిపోయిన సోడియాన్ని ఒక్కరోజులో పైకి లేపెయ్యాలని చూడకూడదు. మెదడు కొత్త స్థాయికి అలవాటు పడి ఉంటుంది. 24 గంటల్లో ఎనిమిది, పది యూనిట్లకు మించి పెంచితే మెదడు నరాల పైపొర దెబ్బతిని శాశ్వత నష్టం జరగవచ్చు. అందుకే ఇది ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి సరిచేసే పని కాదు.

సెలైన్ బాటిల్‌లో ఏముంది?

అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉప్పు నాలుగున్నర గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళు రోజు మొత్తానికి ఐదు గ్రాములకు మించవద్దన్న ఉప్పు దాదాపు ఆ ఒక్క బాటిల్‌లోనే ఉంది. 'గ్లూకోజ్ ఎక్కించాం' అని చెప్పే ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో చక్కెర పాతిక గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. వాంతులు, విరేచనాలతో నోటి ద్వారా ఏమీ తీసుకోలేని మనిషికి సెలైన్ ప్రాణదానమే. నెలల తరబడి నీరసంగా ఉన్న మనిషికి మాత్రం ఆ బాటిల్ ఒక పూట తేలిక ఇస్తుందేమో గానీ కారణాన్ని తాకదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు అదే బాటిల్ ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. సోడియం తగ్గినవాళ్ళకు ఉప్పు లేని గ్లూకోజ్ ఎక్కిస్తే అది ఇంకా పడిపోతుంది.

నోటితో తాగే ఓఆర్ఎస్ కథ వేరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరాల్లో కలరా వ్యాపించింది. బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో సెలైన్ నిల్వలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కొలతగా కలిపి డ్రమ్ముల్లో పోయించి, బంధువుల చేతనే రోగులకు తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి పడిపోయాయి. పేగు గోడలో సోడియమూ గ్లూకోజూ జంటగా లోపలికి వెళ్ళే దారి ఒకటుంది, కలరాలో కూడా అది మూతపడదు. ఆ జంట సరైన పాళ్ళలో ఉండాలి. 2002 నుంచి వాడుతున్న సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు.

చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. పండ్లరసం డబ్బాల మీద 'ఓఆర్ఎస్' అని రాసి అమ్మడాన్ని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఎదిరించింది ఇందుకే. 2025 అక్టోబరులో దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు పేరు చూడకండి, ప్యాకెట్ మీద ఆ నాలుగు అంకెలు ఉన్నాయేమో చూడండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే, ఒక్కసారే మొత్తం కలపాలి. గ్లాసులో చిటికెడు చిటికెడు వేసుకోకూడదు.

ఎండలో పని

గట్టి ఎండలో మట్టి పని చేసే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం మామూలే. లీటరు చెమటతో గ్రాము నుంచి మూడున్నర గ్రాముల దాకా ఉప్పు పోతుంది. దానికి బదులు ఉత్త నీళ్ళే తాగుతూ పోతే దాహం తీరుతుంది గానీ సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. ఎండకు కొత్తవాళ్ళ చెమటలో ఉప్పు ఎక్కువ. పది పదిహేను రోజులు అలవాటయ్యాక స్వేదగ్రంథులే ఉప్పును ఆదా చెయ్యడం నేర్చుకుంటాయి. కాబట్టి వేసవి పనుల మొదటి వారం, జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్ చేరిన కూలీకి మొదటి పది రోజులు అత్యంత ప్రమాదకరమైనవి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ హక్కు సంగతి ఇక్కణ్ణించి బయల్దేరేటప్పుడే ప్రతి కూలీకీ చెప్పి పంపాలి.

ఎండలో పనిచేసేవాళ్ళకు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, రాగి అంబలి, ఉల్లిపాయతో చద్దన్నం చక్కటి ఏర్పాటు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళకు ఆ అదనపు ఉప్పు అక్కర్లేదు. పచ్చడి, అప్పడం, బయటి చిరుతిళ్ళతో కలిపి మనలో చాలామంది అవసరానికి మించే తింటున్నాం. మనకు తక్కువ పడుతున్నది పొటాషియం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 3500 మిల్లీగ్రాములు కావాలంటుంది. పప్పు, ఆకుకూర, అరటిపండు, చిలగడదుంప, పెరుగు పళ్ళెంలో ఉంటే అది అందుతుంది.

కొబ్బరి చెట్ల కింద ఒక కష్టం

కొబ్బరినీళ్ళలో పొటాషియం వంద మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాములు, సోడియం దానిలో సగం కన్నా తక్కువ. ఆరోగ్యవంతుడికి మంచి పానీయం. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి అదే విషం. బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో నిలిచిపోయి 6, 6.5 దాటితే గుండె లయ తప్పి, ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోవచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ సంగతి రోజువారీ సమస్య. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య వేలమంది కిడ్నీ జబ్బుతో బతుకుతున్నారు. పెరట్లో చెట్టు ఉండి, నీరసంతో గొంతెండిపోతున్నా, డయాలిసిస్ చేయించుకునే మనిషి ఆ బోండాం ముట్టకూడదు. చూడవచ్చిన బంధువులు ప్రేమగా తాగించే గ్లాసు వల్లే ముప్పు. అలాంటి ఇళ్ళలో కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేదానిలో సోడియానికి బదులు కలిపేది పొటాషియమే. కిడ్నీ రోగులూ, కొన్ని రకాల బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్ళూ డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.

అన్ని నీరసాలూ ఉప్పువి కావు

దీర్ఘకాలపు నీరసానికి లవణాల తేడా ఒక కారణం మాత్రమే. మన ఆడవాళ్ళలో అంతకన్నా ఎక్కువగా కనిపించేది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. థైరాయిడ్, షుగర్, బీ12 లోపం, క్షయ, గురకతో చెడే నిద్ర, డిప్రెషన్ కూడా ఇదే వేషంలో వస్తాయి. కాబట్టి మొదటి పరీక్షల్లో హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్‌తో పాటు సోడియం, పొటాషియం ఉండాలి. అవసరమైతే కాల్షియం, మెగ్నీషియం.

కొన్ని ఆనవాళ్ళు లవణాల వైపు వేలు చూపిస్తాయి. కండరాలు తరచూ పట్టేయడం, గుండె దడ, నడకలో తూలు, మూతి చుట్టూ తిమ్మిర్లు, ఉప్పు మీద విపరీతమైన యావ. రాత్రి పెళ్ళిభోజనం చేసి పడుకున్న యువకుడు తెల్లారేసరికి కాళ్ళు కదపలేకపోతే అది పొటాషియం ఒక్కసారిగా కణాల్లోకి పోవడం వల్ల వచ్చే పక్షవాతం కావచ్చు. సమయానికి గుర్తిస్తే పూర్తిగా తగ్గిపోతుంది. దాని వెనక థైరాయిడ్ దాగి ఉండవచ్చు. నెలల తరబడి నీరసం, బరువు తగ్గడం, ఒళ్ళు నల్లబడటం, ఉప్పు యావ కలిసి వస్తే 1855లో థామస్ అడిసన్ వర్ణించిన అడ్రినల్ గ్రంథి జబ్బును అనుమానించాలి. మన దేశంలో దానికి క్షయ ఒక ముఖ్య కారణం.

రక్తపరీక్ష కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి వదులుతూ ఉన్నా, ట్యూబులో ఎర్రకణాలు చితికినా పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అనుకోని అంకె వస్తే వెంటనే మరోసారి చేయించాలి. గుండె దడ, మగత, ఫిట్స్, కాళ్ళుచేతులు పడిపోవడం ఉంటే మాత్రం రెండో రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోకూడదు.

దీనితో రోజులు గడపడం

కొందరికి ఇది ఒక మందు మార్చితే తీరిపోతుంది. కొందరికి జీవితాంతం తోడుంటుంది. గిటెల్‌మన్ సిండ్రోమ్ లాంటి పుట్టుకతో వచ్చే లోపాల్లో మూత్రపిండం పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని వదిలేస్తూనే ఉంటుంది. అలాంటివాళ్ళు పొటాషియం సిరప్‌ను తిన్న తర్వాత, గ్లాసు నీళ్ళలో కలిపి, మెల్లగా తాగాలి. ఊరికే గుక్క వేస్తే కడుపులో మంట పెడుతుంది. డోసు మానడం, రెట్టింపు చెయ్యడం రెండూ తప్పే.

వాడే మాత్రలన్నీ, గ్యాస్ మాత్రా నాటుమందులతో సహా, ఒక కాగితం మీద రాసి ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు అది చూపించండి. వాంతులో విరేచనాలో మొదలైన రోజున బీపీ మాత్ర, మూత్రం మాత్ర ఆపాలా అని ఫోన్ చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవే కిడ్నీని దెబ్బతీస్తాయి. మూత్రం మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా రెండు మూడు వారాల్లో సోడియం, పొటాషియం ఒకసారి చూపించుకోవాలి. గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో కూడా డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. 'రోజుకు నాలుగు లీటర్లు' లాంటి సలహా అందరికీ పనికిరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగు వీరుల్లో 13 శాతానికి సోడియం తగ్గి ఉంది. ముఖ్య కారణం దారిపొడవునా అతిగా తాగడమే.

రిపోర్టులో అంకె సరైపోయిన రోజే ఒళ్ళు సరైపోదు. కండరాలు తిరిగి బలం పుంజుకోవడానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళూ పనిని విడగొట్టుకోవాలి. ఉతుకుడు ఒకరోజు, బజారు మరోరోజు. కూరగాయలు కూర్చుని తరగడం, స్నానానికి స్టూలు వేసుకోవడం, మంచం మీంచి లేచేటప్పుడు ఒక నిమిషం కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవడం వంటివి సిగ్గుపడాల్సిన సంగతులు కావు. కాస్త బాగున్న రోజున పెండింగ్ పనులన్నీ మీదేసుకుంటే మర్నాడు కుప్పకూలడం చాలామందికి అనుభవమే. బాగున్న రోజున కూడా సగంలో ఆపడం నేర్చుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద సాయం ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంది. నీరసం బయటికి కనిపించే గాయం కాదు. అందుకని బద్ధకమనీ, సాకులనీ పేరు పడుతుంది. ముఖ్యంగా ఇంటెడు చాకిరీ చేసే ఆడమనిషి మాటను ఎవరూ పట్టించుకోరు, చివరికి ఆమే పట్టించుకోదు. సోడియం, పొటాషియం పరీక్ష జిల్లా ఆస్పత్రిలోనే కాదు, చిన్న పట్టణాల ల్యాబుల్లో కూడా కొద్ది వందల రూపాయలకే అవుతుంది. రెండు మూడు వారాలు దాటిన నీరసానికి బోండాం, ప్యాకెట్, బాటిల్ వెతకడానికి ముందు ఆ పరీక్ష చేయించమని అడగండి. రిపోర్టుతో పాటు మందుల కాగితం డాక్టరు ముందు పెట్టి, 'నా మాత్రల్లో దేనివల్లయినా ఇది జరుగుతోందా?' అని సూటిగా అడగండి. అది రోగి హక్కు, దానికి జవాబు చెప్పడం వైద్యుడి బాధ్యత.